అటక మీది పేషెంటు

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. మామగారు క్షవరానికి వెళ్తారు. అత్తగారు కూరగాయలకు వెళ్తారు. వాళ్ళు తిరిగి వచ్చేలోగా అటక మీదున్న పాత వీసీఆర్‌ను దించి, బజారులో మెకానిక్కుకు ఇచ్చి, దాని కడుపులో ఇరుక్కుపోయిన క్యాసెట్టును బయటకు తీయించాలి. సాయంత్రం కాఫీ వేళ అందరూ కూర్చున్నాక టీవీలో పెట్టి అత్తగారిని ఆశ్చర్యపరచాలి. కొత్త కోడలికి ఇందులో లోపమేమీ కనిపించలేదు. ఆ మాటకొస్తే, పెళ్ళయిన దగ్గర నుంచి ఆమెకు దేంట్లోనూ లోపం కనిపించడం లేదు. స్నానాల గదిలో ఒకే గ్లాసులో తన బ్రష్షు పక్కన ఇంకో బ్రష్షు తల ఆనించుకుని నిలబడి కనిపిస్తే చాలు, ఆ పూటంతా ఆమె కాళ్ళు నేలకు ఆనేవి కావు.

క్యాసెట్టు సంగతి ఆమెకు కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. అత్తగారు అటక కింద నుంచి వెళ్ళినప్పుడల్లా ఒకసారి తలెత్తి చూసేవారు. ఏమిటని అడిగితే, "మా అమ్మ గొంతు అందులో ఉండిపోయిందమ్మా," అన్నారు, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. కొడుకు పాలబుగ్గల వయసులో ఉన్నప్పుడు, అమ్మమ్మ వాడికి గోరుముద్దలు తినిపిస్తుంటే అత్తగారి తమ్ముడు ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి వీడియో తీశాడట. ఆ పూట అత్తగారు ఇంట్లో లేరు. తమ్ముడు తీరిగ్గా క్యాసెట్టు తెచ్చి ఇచ్చేసరికి అమ్మే లేదు. కళ్ళు తుడుచుకుని వీసీఆర్‌లో పెడితే, అది క్యాసెట్టును గుటుక్కున మింగి కూర్చుంది. బొమ్మా చూపించలేదు, మాటా వినిపించలేదు, మళ్ళీ కక్కనూ లేదు.

మరి బాగు చేయించలేదా అంటే, అక్కడే ఉంది చిక్కు. మామగారు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. అంత అనుభవంతో ఆయన ఒక సిద్ధాంతానికి వచ్చారు: రోగం తగ్గడానికి మందు సగం, విశ్రాంతి సగం. యంత్రాలకు మందు లేదు కాబట్టి వాటికి మొత్తం విశ్రాంతే. ఇంట్లో ఏ వస్తువు మూలిగినా దాన్ని శుభ్రంగా తుడిచి, తెల్లటి బ్యాండేజీ గుడ్డతో కట్టు కట్టి, అటక ఎక్కించేవారు. "ఎవరూ కదపకండి. దానంతట అదే కోలుకుంటుంది," అనేవారు. అటకకు కొడుకు పెట్టిన పేరు వార్డు. ఆ వార్డులో గోడ గడియారం, రేడియో, టేబుల్ ఫ్యాను వరసగా పడుకుని ఉండేవి. ఏ ఒక్కటీ డిశ్చార్జి అయిన దాఖలా లేదు. మెకానిక్కు మాటెత్తితే మాత్రం, రోగిని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తామన్నట్టు ఆయన ముఖం మాడిపోయేది.

మొన్నటికి మొన్న కోడలి హెయిర్ డ్రయరు మొరాయిస్తే దాన్నీ చేర్చుకున్నారు. దాని మెడకు ఆయన కట్టు కడుతున్న శ్రద్ధ చూసి, నవ్వు ఆపుకోలేక కోడలు పెదవి కొరుక్కుంది. ఆమె పెదవి కొరుక్కోవడం మామగారు చూశారు.

ఆదివారం అనుకున్నట్టే ఇల్లు ఖాళీ అయింది. భర్త స్టూలెక్కి వీసీఆర్‌ను దించాడు. దాంతోపాటు అటక మీది దుమ్మంతా ఆమె నెత్తిన దిగింది. వరసగా తుమ్మి తుమ్మి ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు దొండపండైంది. ఇప్పుడు దీన్ని వీధిలోకి ఎలా తీసుకెళ్ళడం? ఎదురింట్లో కిటికీ పిన్నిగారున్నారు. ఆవిడకు ఆ పేరు పెట్టిందీ కోడలి భర్తే. వీధిలో పిల్లి ఆవలించినా ఆవిడ లెక్కలోకి వచ్చేది. వీసీఆర్ గుమ్మం దాటిందంటే, మంగలి కత్తెర పట్టేలోగా ఆ కబురు మామగారి చెవిన పడుతుంది.

కోడలు తన ఎర్ర సూట్‌కేసు మంచం మీద బోర్లించింది. అందులోని బట్టలన్నీ కుప్పగా పడ్డాయి. వీసీఆర్‌కు దెబ్బ తగలకుండా పెళ్ళి చీరలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టింది. భర్త వెనక ఉండి, ఒక బిస్కెట్ల డబ్బాకు కట్టు కట్టి, వీసీఆర్ స్థానంలో పెట్టాలని ఒప్పందం.

"సాయంత్రం దాకా ఎవరు అడిగినా చెప్పకూడదు. నా మీద ఒట్టు," అంది ఆమె అతని చెయ్యి తన నెత్తిన పెట్టుకుని. గదిలో 'నువ్వు', నలుగురిలో 'మీరు' అనే కాలం అది. "నువ్వు నోరు జారావో, నీతో మాట్లాడను."

"ప్రాణం పోయినా చెప్పను," అన్నాడతను. కొత్త పెళ్ళికొడుకుల ఒట్లు అలాగే ఉంటాయి. కాస్త పాతబడి ఉంటే మొదటి ప్రశ్నకే చెప్పేసి ఉండేవాడు, ఈ కథా ఉండేది కాదు.

గేటు దగ్గర కిటికీ పిన్నిగారు పట్టుకోనే పట్టుకున్నారు. పెట్టెతో ఎక్కడికని అడిగారు. కోడలికి అబద్ధం ఆడటం చేతకాదు. నోటికి వచ్చిన మొదటి ఊసు, అమ్మావాళ్ళింటికని చెప్పింది. మరి కళ్ళు అలా ఉన్నాయేమని అడిగితే, దుమ్ము పడిందని చెప్పింది. దుమ్మని చెప్పి కన్నీళ్ళు దాచుకున్న కోడళ్ళను పిన్నిగారు తన కిటికీలోంచి చాలామందిని చూశారు. కాబట్టి ఆవిడ, విన్న రెండు మాటల్లో అబద్ధాన్ని నమ్మి, నిజాన్ని కొట్టిపారేశారు.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో కోడలు భర్త చేత చాలాసార్లు చెప్పించుకుంది. విన్న ప్రతిసారీ దిండులో ముఖం దాచుకుని నవ్వింది. పిన్నిగారు చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా కూరగాయల బజారుకు పరిగెత్తి, అత్తగారిని చేయిపట్టి పక్కకు లాగి చెప్పేశారట. అత్తగారు తూకం వేయించిన వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చారు. వచ్చి చూస్తే ఏముంది? మంచం మీద చిందరవందరగా బట్టలు. ఎర్ర సూట్‌కేసు లేదు. కోడలి ఫోను దిండు మీద ఛార్జింగులో ఉంది. పక్కనే స్టూలు మీద నిలబడి కొడుకు. అప్పుడే డబ్బాకు కట్టు కట్టి పైకి తోసి, తొందరలో మిగిలిన గుడ్డంతా తన మణికట్టుకే చుట్టుకుపోతే విప్పుకోవడం రాక తిప్పలు పడుతున్నాడు.

"చేతికేమైందిరా?"

"ఏం లేదమ్మా."

"అమ్మాయేది?"

"బయటికెళ్ళింది. ఇంకేం అడక్కమ్మా. సాయంత్రానికి నీకే తెలుస్తుంది."

అత్తగారు మంచం మీద కూలబడ్డారు. కొట్టుకునేదాకా వెళ్ళారన్నమాట. పిల్ల చెయ్యి చేసుకుందంటే వీడు ఎంత మాట అని ఉండాలి! ఆవిడ ఇలా అనుకుంటూ ఉండగానే కోడలి ఫోను మోగింది. కోడలి తల్లి, ఊరికే ఆదివారం కబుర్లకు చేసింది. అత్తగారు గొంతు సవరించుకుని, "వదినగారూ, అమ్మాయి క్షేమంగా చేరిందా?" అన్నారు. ఎక్కడికి చేరిందని అవతల తల్లి అడిగింది. కంగారు పడకండి అని ఈవిడ అన్నారు. నాకేం కంగారు, మీరే కంగారు పడుతున్నారు అని ఆవిడ అంది. ఒకరికొకరు అలా ధైర్యం చెప్పుకుని, ఇద్దరూ గడగడ వణికారు. ఫోను పెట్టేసేసరికి అవతల కారు బయల్దేరింది.

మామగారికి కబురు మంగలి కుర్చీలో అందింది. పక్క కుర్చీలో పిన్నిగారి భర్త ఉన్నాడు, ఆయన జేబులో ఫోను ఉంది. ఇంకేం కావాలి? మామగారు ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగతో, మెడలో మంగలి తుండుతో ఇంటికి పరిగెత్తుకొచ్చారు. ఎవరేం చెప్పినా వినిపించుకోలేదు. "కారణం నేనే. పుట్టింటి వస్తువు పట్టుకెళ్ళి పైన పెట్టాను. పిల్ల పెదవి కొరుక్కుంది. నేను చూసి కూడా ఊరుకున్నాను," అన్నారు. హెయిర్ డ్రయరును తక్షణం డిశ్చార్జి చేయాలని స్టూలెక్కారు. ఆయన చేతులమీదుగా వార్డులోంచి ఒక రోగి దిగడం అదే మొదటిసారి.

డ్రయరు దొరికింది. కానీ దాన్ని తీస్తుంటే పక్కనున్న కట్టు ఆయన కంట పడింది.

"ఇది నా కట్టు కాదు," అన్నారు.

మామగారి ముడి తమలపాకులా చదునుగా ఉంటుంది. ఇది బూటు లేసులా ఉంది. విప్పి చూస్తే బిస్కెట్ల డబ్బా. ఆయన కిందికి చూసి, పేషెంటు ఏమైందని కొడుకును అడిగారు. ఒట్టు పెట్టిన కొడుకు కాళ్ళ వేళ్ళ వైపు చూశాడు. అంతటితో కథ మొత్తం మామగారికి అర్థమైపోయింది, అర్థమైంది అర్థమైనట్టు పైకే చెప్పేశారు. వీడు అమ్మమ్మ గొంతును పాత సామాన్లవాడికి అమ్మేశాడు. అది చూసిన కోడలు నిలదీసింది. మాటా మాటా పెరిగింది. వీడి చేతికి దెబ్బ తగిలింది. ఇలాంటివాడితో ఉండనని పిల్ల పుట్టింటికి వెళ్ళింది. ఎక్కడా అతుకు కనిపించనంత పొందికగా ఉన్న ఆ కథ వింటుంటే, తాను నిజంగానే దుర్మార్గుడినేమోనని కొడుక్కే ఒక క్షణం అనుమానం వచ్చిందట.

అత్తగారు మాత్రం ఒకసారి అటక మీది ఖాళీ చోటు వైపు, ఒకసారి ఖాళీ గేటు వైపు చూస్తూ ఉండిపోయారు.

ఈలోగా బజారులో కోడలు పడుతున్న పాట్లు వేరు. మెకానిక్కు కొట్టంతా ఫోన్లే. పెళ్ళి చీరలోంచి వీసీఆర్ బయటపడగానే అతను చేతిలో పని వదిలేసి, చుట్టుపక్కల కొట్లవాళ్ళను కూడా పిలిచి చూపించాడు. తన చేతికి లొంగని యంత్రం ఇంతవరకు పుట్టలేదన్నాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. బోర్లించి కొట్టాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, లోపల పళ్ళచక్రాలు బిగుసుకుపోయాయి, పైరేకు కోసి క్యాసెట్టును విరగ్గొట్టి లాగాలి.

"టేపు తెగితే?" అంది ఆమె.

"తెగితే తెగుతుంది. క్యాసెట్టు బయటికి రావాలన్నారు, టేపు సంగతి చెప్పలేదుగా," అంటూ అతను పెద్ద స్క్రూడ్రైవరు ఎత్తాడు.

ఆమె వీసీఆర్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. తీగలాంటి ఆ టేపు మీద ఎక్కడో ఒక ముసలావిడ కూర్చుని ముద్దలు కలుపుతూ ఉంది. అక్కడే పుటుక్కుమంటే? "వద్దు. దీనికి విశ్రాంతి కావాలి," అంది. అన్నాక, ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

తిరిగివచ్చే దారి గొట్టాల కోసమని తవ్వి, పూడ్చి, వదిలేసిన దారి. సూట్‌కేసు గుంతగుంతకూ ఎగిరి పడింది. మలుపు దగ్గర ఒక చక్రం ఊడి కాలవలోకి దొర్లిపోయింది. అక్కడి నుంచి పెట్టెను ఈడ్చుకుంటూ, లొడలొడ చప్పుడు మధ్య ఆమె ఇంటికి నడిచింది. సాయంత్రం అత్తగారి ముఖం ఎలా వెలుగుతుందో వారం రోజులుగా ఊహించుకుంటోంది. ఇప్పుడు ఆ ముఖంలోకి చూడకుండా పెట్టె మళ్ళీ అటకెక్కించడం ఎలాగా అని ఆలోచిస్తోంది. పెళ్ళయ్యాక ఆమె కాళ్ళు నేలకు ఆనడం అదే మొదలు.

గుమ్మంలో అడుగుపెట్టేసరికి హాలు నిండా జనం. తన తల్లి, తండ్రి, కిటికీ పిన్నిగారు, సగం గడ్డంతో మామగారు, చేతికి కట్టుతో భర్త. ఒక్కసారిగా అందరూ ఆమె దగ్గరకు వచ్చి తలో మాటా అన్నారు. తల్లి, పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా అంటూ వీపు నిమిరింది. తండ్రి, ఉన్నదంతా దాచకుండా చెప్పమన్నాడు. మామగారు కట్టు విప్పిన హెయిర్ డ్రయరును రెండు చేతులతో అందించారు.

"తీసుకోమ్మా. ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అయినా నీ వస్తువు నీ దగ్గరుండటమే న్యాయం."

అత్తగారు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "వాడేం చేశాడో నాకు తెలీదు. ఏం చేసినా సరే, నువ్వు నన్ను వదిలేసి వెళ్ళకు తల్లీ," అన్నారు చాలా నెమ్మదిగా.

కోడలికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ చెయ్యి వెచ్చగా ఉంది, విడిపించుకోవాలనిపించలేదు. "నేనెక్కడికెళ్ళానత్తయ్యా? బజారుకెళ్ళొచ్చాను," అంది. అంత పెట్టెతో బజారుకా అని పిన్నిగారు అడిగారు. కోడలు భర్త వైపు తిరిగి, చుట్టూ పెద్దవాళ్ళున్న సంగతే మరిచిపోయి, "నువ్వు వీళ్ళకేం చెప్పావు?" అంది.

"ఏమీ చెప్పలేదు. దానివల్లే ఇంత దూరం వచ్చింది," అన్నాడతను.

'నువ్వు' విని ఆమె తల్లి నడుం దగ్గర సన్నగా గిల్లింది. అత్తగారి ముఖం మాత్రం ఆ ఒక్క మాటతోనే సగం తేలికపడింది. అలా దబాయించుకునేవాళ్ళు విడిపోయేవాళ్ళు కారని ఆవిడకు తెలుసు.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. కోడలు పెట్టె తెరిచి, చీర మడతలు విప్పింది. అత్తగారు నేల మీద కూర్చుండిపోయి వీసీఆర్ మీద చెయ్యి వేశారు. మామగారు దాని పక్కటెముకలు తడిమినట్టు నాలుగువైపులా తడిమి, గాయాలేమీ లేవని చెప్పారు.

"సాయంత్రం మీకు వినిపిద్దామనుకున్నానత్తయ్యా. విరగ్గొడితే గానీ రాదన్నాడు. నా వల్ల కాలేదు," అంది కోడలు. ఈసారి ఆమె కళ్ళు నిజంగానే నిండాయి. పిన్నిగారు మాత్రం, అటక దులిపారు కదా, దుమ్ము పడుంటుందిలెమ్మని సర్దిచెప్పారు.

ఎలాగూ దించారు కాబట్టి ఒకసారి కరెంటు పెట్టి చూద్దామా బావగారూ అని కోడలి తండ్రి అడిగాడు. మామగారు ససేమిరా అన్నారు. ప్రయాణం చేసి వచ్చిన రోగిని వెంటనే లేపి నడిపించడం ఏ ఆసుపత్రిలోనూ లేదన్నారు. అప్పుడు అత్తగారు తల ఎత్తకుండానే, "పెట్టండి," అన్నారు. ఆ ఇంట్లో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడటం ఎవరూ ఎరగరు. మామగారు ప్లగ్గు పెట్టి, బొత్తాం నొక్కారు.

చిన్న ఎర్ర దీపం వెలిగింది. లోపల ఏదో మూలిగింది. ఒళ్ళు విరుచుకుంది. ఆపైన టక్కుమని మూతి తెరుచుకుని, చంటిపిల్లాడు నాలుక బయటపెట్టినట్టు, క్యాసెట్టు దానంతట అదే బయటికి వచ్చింది.

మామగారు తిరిగి అందరి ముఖాల్లోకీ ఒక్కొక్కరిగా చూశారు. "నేనేం చెప్పాను?"

కోడలికి తవ్వి వదిలేసిన రోడ్డు, కాలవలోకి దొర్లిన చక్రం గుర్తొచ్చాయి. చెబుదామని నోరు తెరిచింది. ఎండి పెచ్చులు కట్టిన నురగ కింద మామగారి ముఖం పసిపిల్లాడిలా వెలిగిపోతోంది. ఆమె నోరు మూసుకుంది.

ఇప్పుడింకో సమస్య. క్యాసెట్టు చూడాలంటే మళ్ళీ లోపల పెట్టాలి. మళ్ళీ మింగితే? మామగారు కూడా వెనకాడారు. "మింగితే మింగనీండి. ఒక్కసారి విందాం," అన్నారు అత్తగారు. కొడుకు వైర్లు వెతికి టీవీకి కలిపాడు. కోడలు దిండు మీది ఫోను తెచ్చి, టీవీ తెరకు ఎదురుగా రెండు చేతులతో పట్టుకుని రికార్డింగు మొదలుపెట్టింది.

ముందు గీతలు, ఆ తర్వాత మంచు కురిసినట్టు చుక్కలు. చుక్కల్లోంచి ఒక వసారా, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న పెద్దావిడ, ఆవిడ ఒడిలో బుగ్గలు పొంగించుకుని ఒక పిల్లాడు. కోడలు భర్త వైపు చూసింది. బుగ్గలు ఇప్పటికీ అవే.

"తినరా నాన్నా, గబగబా తిను," అంటోంది అమ్మమ్మ. "మీ నాన్నొచ్చారంటే గిన్నెకు సొట్టపడిందని కట్టు కట్టి అటకెక్కించేస్తారు."

కెమెరా వెనక తమ్ముడు నవ్వినట్టున్నాడు, బొమ్మ ఊగింది. ఆవిడ తలెత్తి కళ్ళు చికిలించి కెమెరా వైపు చూసింది. "నవ్వుతావేంరా? నా కళ్ళజోడు కాడ ఊడితే విశ్రాంతి కావాలని పట్టుకెళ్ళారు అల్లుడుగారు. అదేమో హాయిగా పడుకుంది, నేను గోడలు తడుముకుంటున్నాను. మీ అక్క రాగానే చెప్పు. నా కళ్ళజోడు ఎప్పుడిస్తారో ఆయన్ని అడగమను."

అత్తగారు ముందు పకపకా నవ్వారు. నవ్వుతూనే కొంగు కళ్ళకు అద్దుకున్నారు. తమ్ముడు ఆ కబురు చెప్పనే లేదు. అక్కకు ఇప్పుడే అందింది. ఆవిడ భర్త వైపు తిరిగి, "అమ్మ అడగమంది. ఎప్పుడిస్తారు?" అన్నారు.

మామగారు స్టూలెక్కి, వార్డు చివరి మూలలోకి చెయ్యి పెట్టి, రంగు మారిన చిన్న కట్టు ఒకటి దించారు. ముడి చదునుగా ఉంది. విప్పితే గుండ్రటి కళ్ళజోడు. కాడ ఇంకా వేలాడుతూనే ఉంది. "డిశ్చార్జి చేయడం మరిచిపోయాను," అన్నారు తల దించుకుని. అత్తగారు దాన్ని ఒక చేత్తో పట్టుకుని పెట్టుకున్నారు. ఏమీ కనిపించడం లేదన్నారు. అలాగని తీయనూ లేదు.

టీవీలో అమ్మమ్మ ఆఖరి ముద్ద పెట్టి పిల్లాడి మూతి తుడుస్తుండగా, వీసీఆర్ కిర్రుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. తెర తెల్లబడింది. బొత్తాం నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అందరూ కోడలి వైపు చూశారు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని విని, నవ్వి, అత్తగారికి అందించింది. మొత్తం వచ్చింది. ఆఖరి ముద్దతో సహా.

మామగారు చేతులు కడుక్కుని వచ్చి బ్యాండేజీ అడిగారు. కొడుకు తన మణికట్టు చాపాడు. అత్తగారే ఓపికగా దాన్ని విప్పి ఇచ్చారు. కోడలి తండ్రి వీసీఆర్‌ను ఎత్తి పట్టుకున్నాడు. పిన్నిగారు తానుగా వెళ్ళి స్టూలు జరిపారు. ఆ రోజు మెకానిక్కు మాట ఎవరూ ఎత్తలేదు.

కట్టు పూర్తయ్యాక కోడలు లోపలికి వెళ్ళి హెయిర్ డ్రయరు తెచ్చి, మధ్యలో లేపాం కదా మామయ్యా, ఇంకొన్నాళ్ళు పడుకోనివ్వండి అని ఆయన చేతిలో పెట్టింది.